గడీ లేని వెట్టి

గత ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం. హైదరాబాదులో మేం పదిమందిమి నెలకోసారి కలిసి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఆ నెల సిడ్నీ మింట్జ్ 'స్వీట్‌నెస్ అండ్ పవర్'. 1985లో వచ్చిన పుస్తకం. కరీబియన్ దీవుల్లో చెరకుతోటల్లో బానిసలు చేసిన చక్కెర ఇంగ్లండు కూలివాడి టీ కప్పులోకి ఎలా వచ్చిందో చెప్తుంది. చర్చ చివర్లో ఒకమ్మాయి అడిగింది: "ఆ టీ తాగేవాళ్లకు చక్కెర ఎవరు చేశారో తెలీదా? తెలిస్తే ఎలా తాగారు?" ఎవరం ఏం మాట్లాడలేదు. కాసేపు అలా కూర్చున్నాం. అలాంటి మౌనం ఎంత సుఖంగా ఉంటుందో మీకూ తెలిసే ఉంటుంది.

బయటికొచ్చి మెట్రో ఎక్కుతుంటే అమ్మ ఫోన్. మాది చర్ల వైపు. భద్రాచలం దాటి, గోదారి పక్కనే పైకి వెళ్తే వస్తుంది. ఇంకాస్త పోతే అడవి, ఆ అడవి అవతల బీజాపూర్. ఫిబ్రవరి అంటే మాకు మిర్చి ఏరే కాలం. "మేస్త్రీ ముంచాడమ్మా. ముప్పై మందిని తెస్తానని అడ్వాన్సు తీసుకున్నాడు. పద్నాలుగు మందిని దింపి పోయాడు. కాయ చెట్టుమీదే తాలు పోతోంది" అంది. వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారని అడిగాను. ఎందుకడిగానో తెలీదు, అంతకుముందు ఏ ఏడూ అడగలేదు. "ఎక్కడేంటి, చేలోనే. పట్టా కట్టుకున్నారు. వాళ్లకేం కావాలమ్మా, ఇంత బియ్యం, ఇంత ఉప్పు, ఇన్ని ఎండుచేపలు. మనలాంటి వాళ్లు కాదు."

మా అమ్మ చెడ్డది కాదు. కూలోళ్ల పిల్లలకు జ్వరమొస్తే తన మాత్రలు తీసి ఇచ్చే మనిషి. కానీ ఆమె అన్న మాట నేను ఆ మధ్యాహ్నమే చదివి వచ్చాను. దాదాపు అదే మాట. 190 ఏళ్ల కిందటిది.

1836లో జాన్ గ్లాడ్‌స్టన్ అనే లివర్‌పూల్ వ్యాపారి కలకత్తాలోని గిలాండర్స్, ఆర్బత్‌నాట్ కంపెనీకి ఉత్తరం రాశాడు. ఈయన తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్‌కు తండ్రి. డెమరారాలో, అంటే ఇప్పటి గయానాలో, ఈయనకు చెరకుతోటలున్నాయి. 1823లో అక్కడ లేచిన పెద్ద బానిసల తిరుగుబాటు మొదలైంది ఈయన తోటలోనే. ఆ తోట పేరు 'సక్సెస్'. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. నష్టపరిహారం కింద 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. బానిసలకు కాదండీ, యజమానులకు. ఆ డబ్బు కోసం చేసిన అప్పును బ్రిటన్ ఖజానా 2015 దాకా తీరుస్తూనే ఉంది. గ్లాడ్‌స్టన్ వాటాకు 2,508 మంది బానిసల లెక్కన లక్షా 6 వేల పౌండ్ల పైచిలుకు వచ్చింది. డబ్బు వచ్చింది గానీ చెరకు నరికే చేతులు పోతున్నాయి. అందుకని కలకత్తాకు రాశాడు: కూలీలు దొరుకుతారా?

కంపెనీ వాళ్లు జవాబిచ్చారు. ఛోటానాగపూర్ కొండల నుంచి వచ్చే ధాంగర్లు ఉన్నారు, వాళ్లను మనుషుల కన్నా కోతులకు దగ్గరవాళ్లుగా చెప్పుకుంటారు, వాళ్లకు మతం లేదు, చదువు లేదు, తినడం తాగడం పడుకోవడం తప్ప వేరే అవసరాలు లేవు. ఇదీ ఆ జవాబు సారాంశం. కొండోళ్లు, ఆదివాసులు. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు బ్రిటిష్ గయానాలో దింపిన సుమారు 400 మందిలో 'హిల్ కూలీ'లు చాలామంది. ఆ ఏడాది ఆగస్టు 1న అక్కడి నల్లజాతి బానిసలకు పూర్తి విడుదల దొరికింది. మధ్యలో మూడు నెలలు కూడా ఖాళీ లేదు.

'వాళ్లకేం కావాలి.' తోటల చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా భయంకరంగా అనిపించే వాక్యం ఇది. కొరడా కన్నా కూడా. కొరడా కనిపిస్తుంది, కొడితే చప్పుడు వస్తుంది. ఈ వాక్యం మాత్రం అన్నం పెట్టే ఇళ్లలో, ప్రేమగా మాట్లాడే గొంతుల్లో ఉంటుంది.

ఇక్కడే ఒక సంగతి తేల్చుకుందాం. భద్రాచలం మిరపచేలను జమైకా చెరకుతోటలతో సమానం అనడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. అలా అనేవాళ్లు మన దగ్గర తయారవుతున్నారు. ఐటీ ఉద్యోగంలో నోటీస్ పీరియడ్ మూణ్నెల్లుంటే అదీ 'బానిసత్వమే' వాళ్లకు. కరీబియన్‌లో జరిగింది వేరు. బ్రిటిష్ కరీబియన్ దీవుల్లో 1807 లోపు దించిన ఆఫ్రికన్లు 20 లక్షలకు పైనే. 1834లో విడుదలయ్యే నాటికి అక్కడ బతికున్నవాళ్లు 7 లక్షల లోపు. అదే అమెరికాకు తెచ్చింది 4 లక్షల లోపు, 1860 నాటికి అక్కడ వాళ్లు 40 లక్షలయ్యారు. అమెరికాలో బానిసలు సుఖంగా ఉన్నారని దీనర్థం కాదు. చెరకు పత్తిలాంటిది కాదు, అంతే. నరికిన చెరకును వెంటనే గానుగాడించాలి, లేకపోతే రసం పులుస్తుంది. అందుకని కోతల కాలంలో రాత్రీ పగలూ మిల్లు తిరగాల్సిందే. నిద్రమత్తులో చెయ్యి రోలర్లలో పడితే నరకడానికి పక్కనే కత్తి పెట్టుకునేవాళ్లు. పుట్టేవాళ్ల కన్నా చచ్చేవాళ్లు ఎక్కువ. చచ్చినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను కొనేవాళ్లు. మనిషిని ఆస్తిగా రాసుకుని, అతని బిడ్డను కూడా ఆస్తిగా రాసుకునే ఆ ఏర్పాటు మా చేలో లేదు. దాన్ని దీన్ని ఒకే గాటన కడితే చచ్చిపోయిన ఆ లక్షల మందికి అన్యాయం చేసినట్టే.

నేను పోల్చేది ఆ తర్వాత వచ్చినదాన్ని. బానిసత్వం పోయాక అదే తోటలో, అదే చెరకు కోసం, అదే యజమాని కింద నడిచిన ఏర్పాటును. అందులో గొలుసులు లేవు. ఒప్పంద పత్రం ఉంది. ఐదేళ్లు. ఇష్టపడే వచ్చారు, వేలిముద్ర కూడా వేశారు. ఫిజీ వెళ్లినవాళ్లు 'అగ్రిమెంట్' అనే మాటను గిర్మిట్ చేసుకున్నారు. 1840లోనే బ్రిటిష్ మంత్రి లార్డ్ జాన్ రస్సెల్ దీన్ని కొత్త రకం బానిసత్వం అవుతుందేమోనని అన్నాడు. ఆ మాటనే హ్యూ టింకర్ 1974లో తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. అవునా కాదా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. నా మటుకు అది బానిసత్వం కాదు. బానిసత్వం నుంచి పాఠాలు నేర్చుకున్న ఏర్పాటు. మనిషిని కొనక్కర్లేదు, అతని ఐదేళ్లు కొంటే చాలు. ముసలివాడయ్యాక మేపక్కర్లేదు. ఆ ఐదేళ్లు అయ్యాక కూడా కదలకుండా ఉండాలంటే? నటాల్‌లో 1895లో చట్టం చేశారు. ఒప్పందం అయిపోయాక మళ్లీ ఒప్పందంలోకి రాని, ఇండియాకు తిరిగి వెళ్లని ప్రతివాడూ ఏటా 3 పౌండ్లు పన్ను కట్టాలి. కొత్త కూలీకి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు. అంటే ఆరు నెలల కూలీ అంత పన్ను. అది ఎత్తేయించడానికి 1913 సమ్మె కావాల్సొచ్చింది.

ఇందులో మనవాళ్లున్నారు. మారిషస్‌లో తెలుగువాళ్లను 'కొరంగి'లు అనేవాళ్లు, కాకినాడ పక్కన ఓడలు కదిలిన కోరంగి రేవు పేరుతో. మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరులో డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడ మొదలు 1911 దాకా నటాల్ చెరకుతోటలకు వెళ్లిన లక్షా 52 వేల మందిలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లే. తమిళులు, తెలుగులు. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలు వెళ్లాయి. మనం వీళ్ల గురించి ఏం మాట్లాడతాం? 1990లో మారిషస్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరుపుకున్నాం. వాళ్లు అక్కడ కూడా ఉగాది చేసుకుంటున్నారనీ, రామభజన మానలేదనీ, ఇన్ని తరాలైనా తెలుగు మరవలేదనీ మురిసిపోతాం. వాళ్లు అక్కడ ఎందుకున్నారో అడగం. సంస్కృతి ఓడెక్కి వెళ్లిందన్నట్టు మాట్లాడతాం. ఓడెక్కింది ఆకలి. ఇంకో తమాషా చూడండి, డాలస్‌లో ఉన్నవాడు మన భాషలో ప్రవాసాంధ్రుడు. చర్ల చేలో ఉన్న బీజాపూర్ మనిషి 'వలసకూలీ'. ఇద్దరూ పని కోసం హద్దు దాటినవాళ్లే.

ఇప్పుడు మా చేనుకొస్తాను.

మిరప మన పంట కాదు. అది అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చింది. 1492లో కొలంబస్ చేరిన ఆ దీవుల్లోనే ఐరోపావాళ్లు మొదటిసారి మిరపకాయ రుచి చూశారు. మరుసటేడు రెండో ప్రయాణంలో అతను అక్కడికి చెరకు పట్టుకెళ్లాడు. చెరకు మన వైపుది. బెల్లం, ఖండచక్కెర చేయడం ఈ దేశంలో వెయ్యేళ్లకు ముందే వచ్చు. అలా చెరకు అటు వెళ్లింది, మిరప ఇటు వచ్చింది. మిరపను మనకు తెచ్చినవాళ్లు పోర్చుగీసువాళ్లు. మిరియాల పేరే దానికీ పెట్టుకున్నాం. ఇంకో మాట కూడా వాళ్ల దగ్గర్నుంచే వచ్చింది, మేస్త్రీ. వాళ్ల 'మెస్త్రె'. తెలుగు కూలీలను కాకినాడ, విశాఖల నుంచి రంగూన్ మిల్లులకు తోలినవాడిని కూడా మేస్త్రీ అనే అన్నారు. ఇవాళ అమ్మను ముంచినవాడూ మేస్త్రీయే.

మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చాడు. నేల మంచిదనీ, చవకనీ విని. నేల చవక ఎందుకయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేను 1/70 గురించి కాలేజీలో విన్నాను. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1959లో ఒక రెగ్యులేషన్, దాన్ని గట్టి చేస్తూ 1970లో సవరణ. మేం సాగు చేసే ఎనిమిదెకరాలకు మా పేరున కాగితం లేదు. ఉండకూడదు కూడా. ఒక కోయ కుటుంబం పేరున ఉంది. వాళ్లకు ఏటా ఇంత అని ఇస్తాం. ఇది మా ఒక్కరి కథ అయితే బాగుండేది. ఇవాళ ఆ కోయ ఇంటి మనుషులు మా చేలో కూలికి రారు, పక్క మండలంలో వేరే పనికి పోతారు. మా చేలోకి బీజాపూర్ నుంచి, సుక్మా నుంచి వస్తారు. మనం గుత్తికోయలంటాం. ఆ పేరు మనం పెట్టింది. అక్కడ వాళ్లు మురియాలు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి చాలామంది అడవి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చి గుడిసెలేసుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు చెల్లదంది. కానీ వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉన్నారు. అటు ఎస్టీలు, ఇటు ఏమీ కారు. కొందరు ఇక్కడే ఉండిపోయారు, ఇంకొందరు కోతల కాలానికి వచ్చి పోతారు.

కూలీలకు తేజా కాయంటే ఏంటో చెప్తాను. ఖమ్మం యార్డుకు పేరు తెచ్చింది ఆ రకమే. సన్నగా, పొట్టిగా ఉంటుంది. ఘాటెక్కువ కాబట్టి బయటి దేశాలకు పోతుంది. చిన్నకాయ కాబట్టి ఒక బస్తా నిండాలంటే ఎన్ని వేల కాయలు తెంపాలో ఆలోచించండి. తొడిమతో సహా తెంపాలి. పొద్దున మంచు ఆరకముందే చేలోకి దిగాలి. రెండోరోజుకు వేళ్ల సందుల్లో మంట మొదలవుతుంది. నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువవుతుంది. కన్ను నలుపుకోకూడదు. చంటిపిల్లకు పాలిచ్చే తల్లి ఏం చేస్తుందో నేను చూశాను, మోచేతుల దాకా బట్ట చుట్టుకుంటుంది. కల్లంలో ఎండిన కాయను తిరగేసేటప్పుడు దగ్గుతో ఊపిరాడదు. కొన్ని చోట్ల కూలీ కూడా కాయల్లోనే ఇస్తారు. ఇంటికెళ్లేటప్పుడు మూట కట్టుకుని పోతారు, ధర పడితే ఆ నష్టం వాళ్లది కూడా. పండించనివాడు కూడా ధరకు పూచీ పడే విచిత్రం ఇది. అడ్వాన్సు మేస్త్రీ చేతిలో పడుతుంది, వాళ్ల ఇంటికి చేరేది ఎంతో మేస్త్రీకే తెలుసు. మధ్యలో పోతానంటే "అడ్వాన్సు తీరాక పో". తాళం లేదు, కాపలా లేదు. ఫోన్‌పేలో డబ్బు పడినట్టు మెసేజ్ ఉంది.

దీన్ని మనం చూడలేకపోతున్నాం. ఎందుకంటే, నా ఉద్దేశం, మనకు వెట్టి అంటే గడీ కావాలి. నేను చదివిన తెలుగు సాహిత్యం నాకు వెట్టిని నేర్పింది. 'చిల్లర దేవుళ్లు' నేర్పింది. 'మా భూమి' సినిమా నేర్పింది. ఆ రుణం చిన్నది కాదు, అవి లేకపోతే ఈ వ్యాసం రాసే కళ్లే నాకుండేవి కావు. కానీ ఆ బొమ్మ ఎంత బలంగా పడిందంటే, ఎత్తైన గోడ, మీసమున్న దొర, "బాంచెన్" అనే గొంతు లేకపోతే అది వెట్టిగా కనిపించడం మానేసింది. గడీలు కూలిపోయాయి కాబట్టి వెట్టి పోయిందని తీర్మానించుకున్నాం. కొన్ని గడీలను రిసార్టులు కూడా చేశాం. ఈ కొత్తదానికి దొర లేడు. గడువు తీరిన అప్పుతో ఉన్న ఒక రైతు ఉన్నాడు, ఒక మేస్త్రీ, ఒక డీసీఎం వ్యాను, పైన ఎక్కడో జెండా పాటలో ధర చెప్పే ఖమ్మం యార్డు. విలన్ దొరకని చోట మన కథకులు కలం పక్కన పెడతారు. లేదంటే అడవి మీద, వెన్నెల మీద, ఇప్పపూల మీద కవిత్వం రాస్తారు. భద్రాచలం అడవి మీద వచ్చిన కవిత్వంలో ఇప్పపూలన్నీ ఏరితే ఒక సారా బట్టీ నడపొచ్చు. మిర్చి కూలీల వేళ్లు ఎక్కడన్నా ఉన్నాయేమో వెతకండి.

మన ప్రాంతంలో గడీ లేని వెట్టి కొత్తదేం కాదు. 1940ల్లో హైమన్‌డార్ఫ్ పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. కలప, వెదురు వ్యాపారులు వాళ్లను అప్పులో పెట్టి పని చేయించుకునే తీరు అందులో ఉంది. ఖాతాలో రాసేది వ్యాపారి, చదవగలిగేదీ వ్యాపారే. అక్కడా కోటగోడల్లేవు. అడవే గోడ.

కంటికి కనిపించే గొలుసు ఎంత పని చేస్తుందో ఒక్కసారి గుర్తు చేస్తాను. 2017 ఏప్రిల్‌లో మిర్చి ధర పడిపోయి ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు. కొందరిని అరెస్టు చేశారు. మే నెలలో వాళ్లను బేడీలేసి కోర్టుకు తీసుకొచ్చారు. ఆ ఫొటో చూసి రాష్ట్రమంతా రగిలింది. రగలాల్సిందే. నేనూ షేర్ చేశాను, నాలుగు లైన్లు రాశాను కూడా. కానీ అదే మిర్చిని తెంపినవాళ్ల ఫొటో ఒక్కటి కూడా ఆ నెలలో నేను చూడలేదు. వాళ్ల చేతులకు ఇనుము లేదు మరి.

దీనికి నాకొచ్చే జవాబులు నాకు తెలుసు. ఇంట్లో రోజూ వింటున్నవే.

ఒకటి, రైతే మునిగిపోతుంటే కూలీ గురించి ఏడుస్తావేంటి అని. నాన్న అప్పు ఎంతో నాకు తెలుసు. పురుగుమందుల షాపులో ఖాతా, కమీషన్ ఏజెంటు దగ్గర ముందే తీసుకున్న డబ్బు, ఆ డబ్బుకు కట్టుబడి ఆయన చెప్పిన ధరకే కాయ. నాన్న కూడా ఒక అడ్వాన్సులోనే ఉన్నాడు. అయితే ఆ బరువును తను ఎవరి మీదికి దించుతున్నాడన్నదే ప్రశ్న. కరీబియన్ తోటల యజమానులు కూడా చాలామంది లండన్ వ్యాపారులకు నిలువునా బాకీ. వాళ్ల అప్పు గురించి చదివి మా బుక్ క్లబ్బులో ఎవరూ జాలిపడలేదే.

రెండోది, ఇష్టపడే వస్తున్నారుగా అని. గిర్మిట్ మీద కూడా ఇదే అన్నారు. దీనికి జవాబు నేను చెప్పక్కర్లేదు, సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ భగవతి రాసిన తీర్పు సారం ఇది: బలవంతం అంటే కర్ర ఒక్కటే కాదు, ఆకలీ, గతిలేకపోవడమూ బలవంతమే, చట్టం చెప్పిన కనీస కూలీ కన్నా తక్కువకు ఒక మనిషి పని చేస్తున్నాడంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. అడ్వాన్సు ఇచ్చి కదలికను కట్టేయడం కూడా వెట్టేనని అందులోనే ఉంది. ఒడిశా దాదన్ కూలీల గోస చూసి 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చారు. మేస్త్రీకి లైసెన్సు ఉండాలనీ, కూలీకి ఫొటోతో పాస్‌బుక్కు ఉండాలనీ, రానుపోను ఖర్చులివ్వాలనీ అందులో ఉండేది. చర్లలో ఎవరి చేతిలోనన్నా ఆ పాస్‌బుక్కు చూస్తే నాకూ చూపించండి.

మూడో జవాబు నా తోటి పాఠకుల నుంచి వస్తుంది, ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించేది. "తెలుసు, బాధాకరం, ఏం చేస్తాం." 1791లో ఇంగ్లండులో సుమారు 3 లక్షల మంది చక్కెర మానేశారని అంచనా. బానిస వ్యాపారం ఆపాలన్న బిల్లు పార్లమెంటులో ఓడిపోయిందని. ఓటు హక్కు లేని ఆడవాళ్లు వంటింట్లోంచి చేసిన పని అది. వాళ్లను చూసి ముచ్చటపడే ముందు ఇంకొకటి కూడా చెప్పాలి. కొందరు చక్కెర పూర్తిగా మానలేదు, మార్చారు. 'బానిసలు చేయని ఈస్టిండియా చక్కెర' అని రాసిన గిన్నెలు బల్ల మీద పెట్టుకున్నారు. ఈస్టిండియా అంటే మనం. ఇక్కడ అప్పటికి బానిసలు లేరా? 1833 రద్దు చట్టం కంపెనీ పాలనలోని ఇండియాను పక్కన పెట్టింది. ఇక్కడ బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదని చట్టం రావడానికి 1843 దాకా పట్టింది. తరతరాలుగా భూస్వామి చేలో కట్టుపడ్డ మాల, మాదిగ పాలేర్లు ఉన్న దేశం నుంచి వచ్చిన చక్కెర మీద 'శుభ్రమైనది' అని ముద్ర వేసుకున్నారు. దూరపు కొండలు నునుపు అంటారు. ఆ గిన్నెలున్న ఇళ్లలో జమైకా కనిపించింది, గోదావరి నునుపుగా ఉండిపోయింది. మా బుక్ క్లబ్బులో కూడా జమైకానే కనిపించింది.

మిరపకాయ మానెయ్యమని చెప్పను. మీరు మానేస్తే ముందు పోయేది ఆ కూలి డబ్బే. నాకు కావాల్సింది వేరు. మన పత్రికల్లో, మన కథల్లో వీళ్లు మనుషుల్లా కనబడాలి, 'పాపం ఆదివాసీ' అన్నట్టు కాదు. ఏ నెలలో వస్తారు, ఎంత అడ్వాన్సు, ఎవడి చేతిలో, పిల్లలు ఎంతమంది, కాన్పు వస్తే ఏ ఆస్పత్రి, చస్తే శవాన్ని ఎవరు తీసుకెళ్తారు. ఈ లెక్కలు తెలిసిన ఒక కథ కావాలి.

చస్తే అన్నాను కాబట్టి. 2020 ఏప్రిల్, లాక్‌డౌన్. ములుగు జిల్లాలో గోదారి పక్కన మిర్చి ఏరడానికి వచ్చిన బీజాపూర్ కూలీల గుంపొకటి పని ఆగిపోయి నడిచి బయల్దేరింది. రోడ్డు మీద పోలీసులుంటారని అడవిలోంచి. మూడు రోజులు. అందులో పన్నెండేళ్ల పిల్ల ఉంది. ఇల్లు ఇంకా పది పదిహేను కిలోమీటర్లుందనగా ఏప్రిల్ 18న కూలబడి చనిపోయింది. తర్వాత పరీక్ష చేస్తే కరోనా లేదన్నారు. ఆ పిల్ల పేరు పేపర్లన్నిటిలో వచ్చింది, ఇంగ్లీషులో పిల్లల బొమ్మల పుస్తకం కూడా వచ్చింది. మంచి పుస్తకమే. ఆ నెల మేమందరం నడక గురించి మాట్లాడాం. నడక చాలా పెద్ద దృశ్యం మరి. పన్నెండేళ్ల పిల్ల మిరపచేలో ఏం చేస్తోందన్నది ఎవరం అడగలేదు. నేను అసలే అడగలేదు. మా చేలో కూడా ఆ ఈడు పిల్లలు ఏరుతూనే ఉంటారు, నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నేను బడికి పోయేదాన్ని, వాళ్లు గట్టు మీద ఉండేవాళ్లు. వాళ్లకేం కావాలి.

ఇన్ని చెప్పావు, మీ ఇంట్లో ఏం చేశావని అడుగుతారు. పెద్దగా ఏం చేయలేదు. గిర్మిట్ కాగితాల గురించి చదివినప్పుడు ఒక సంగతి నన్ను పట్టుకుంది. ఓడెక్కిన ప్రతి మనిషికీ రికార్డుంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చో గాయం మచ్చో. తప్పించుకుంటే పట్టుకోవడానికి రాసుకున్నారు, ప్రేమతో కాదు. అయినా ఆ కాగితాలు పట్టుకునే డర్బన్ నుంచి, ఫిజీ నుంచి మునిమనవలు ఇవాళ ఇక్కడికొచ్చి తాతల ఊళ్లు వెతుక్కుంటున్నారు. నాన్న దగ్గర ఒక పాత డైరీ ఉంది, ఏ ఏడు కాయ ఎన్ని బస్తాలు, ఏ మందు ఎన్నిసార్లు కొట్టాం, అన్నీ రాస్తాడు. కూలీల దగ్గర ఇలా ఉంటుంది: 'మేస్త్రీ, 14 మంది.' పదిహేనేళ్ల డైరీలు చూశాను. అంకెలు మారాయి. ఒక్క పేరు లేదు.

ఆ ఫిబ్రవరి ఫోన్ అయ్యాక నాలుగు రోజులకు నాన్నకు చేశాను. ఈసారి పేర్లు రాయమన్నాను. ఒక్కొక్కరి పేరు, ఊరు, రోజుకు ఎంత ఇస్తున్నాం, ఎవరి చేతికి. "పేర్లెందుకు, ఎవరన్నా అడిగితే మనకే చుట్టుకుంటుంది" అన్నాడు. మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుని సరే అన్నాడు. మూడోనాడు వాట్సాప్‌లో డైరీ పేజీ ఫొటో పెట్టాడు. నీలం ఇంకుతో, నాన్న గుండ్రటి అక్షరాలు. లెక్కపెట్టాను, పన్నెండు పేర్లు. ఫోన్ చేసి మిగతా ఇద్దరూ వెళ్లిపోయారా అని అడిగాను.

"లేదు, చేలోనే ఉన్నారు" అన్నాడు. కాసేపు ఆగి, "వాళ్లు మరీ చిన్నోళ్లు. రాయొద్దన్నాడు మేస్త్రీ."